మోకాలి మీద చెయ్యి

ఓబులేసుకి ఒకటే దిగులు. దేవుడు తనతో మాట్లాడడం లేదని.

పత్తికొండకి అవతల ఒక వేపచెట్టు, రేకుల షెడ్డు, పక్కనే ఒక సమాధి. ఆ చోటుని అందరూ తకియా అంటారు. అక్కడుండే ఫకీరు మౌలాలి తాత. ఆ సమాధి ఆయన గురువుది. గురువారం సాయంత్రాలు సాయిబులూ, రెడ్లూ, బోయలూ, ఎవరికి వీలైతే వాళ్లు చేరి తత్వాలు పాడుకుని, తలా ఒక పిడికెడు బొరుగులు తిని ఇళ్లకి పోతారు.

ఓబులేసు ప్రైవేటు బడిలో కంప్యూటరు సారు. తాత దగ్గరికి ఏడాదిగా వస్తున్నాడు. మంచివాడు. ఎవరికి ఏ పని పడినా అడగకముందే నెత్తికెత్తుకుంటాడు. చిక్కేమిటంటే, ఎదుటివాళ్లు సగం చెప్పేసరికి అతనికి మొత్తం అర్థమైపోతుంది. మిగతా సగం వాళ్ల నోట్లోనే ఉండిపోతుంది.

ఒక గురువారం అందరూ వెళ్లాక తాత పక్కన కూర్చుని మనసులోది బయటపెట్టాడు.

"తాతా, నువ్వు చెప్పినట్టే చేస్తాండా. పొద్దన్నే లేస్తాండా, కండ్లు మూసుకోని కూచుంటాండా. సమచ్చరం నుంచి అడుగుతాండా. ఒక్క జవాబు రాల్యా. ఆయప్పకి నా మాట యినపడ్తాందో లేదో."

తాతకి గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి గుసగుస తప్ప మాట రాదు. ఆయన ఏమన్నా చెప్పాలంటే ఎవరైనా చెవి ఆయన నోటి దగ్గర పెట్టాల్సిందే. ఓబులేసు వంగాడు.

"గంధం కానీ, చూద్దాం" అన్నాడు తాత.

గంధం అంటే ఆ గురువుగారి పేరు మీద ఏటా చేసే పండగ. ఆరోజు దీపాలు పెట్టే వేళకి ఇమాంబీ అవ్వ ఒక పాట ఎత్తుకుంటుంది. గురువుగారు కట్టిన పాట అది. ఏడాదికి ఒక్కసారే పాడతారు. మొత్తం పాట తాతకూ అవ్వకూ తప్ప ఎవరికీ రాదు. తాతకి గొంతు లేదు. కాబట్టి అవ్వ పాడితేనే గంధం.

పోయిన ఏడు అవ్వ సగంలో ఆగిపోయింది. మాట గుర్తు రాలేదు. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నాతోనే పోయింది పాట. ఇంగ నేను పాడను" అని లేచి వెళ్లిపోయింది. ఓబులేసు తకియాకి మొదటిసారి వచ్చింది ఆరోజే. ఎవరో ముసలమ్మ ఏడిస్తే తనకెందుకు పట్టిందో అతనికి తెలియదు గానీ, ఆరోజు నుంచి తకియా వదల్లేదు.

అందుకే ఈ ఏడు గంధం దగ్గర పడుతుంటే అందరి ముందూ మాటిచ్చాడు. "అవ్వా, నువ్వు పాడాల్సిందే. పాటంతా ఇంత లావు అచ్చరాల్లో కంప్యూటరులో కొట్టి తెచ్చిస్తా. ముందర పెట్టుకోని పాడు" అని బొటనవేలు చూపించాడు.

"అట్ల గాదు నాయనా, నాకు..." అంది ఇమాంబీ.

"సరే అవ్వా, సరే. నువ్వేం దిగులు పెట్టుకోగాకు."

ఆ తర్వాత ఒకసారి సంతలో కనబడి "కొడుకా, ఆ పాట సంగతి" అని మొదలుపెట్టింది. "అయిపోతాది అవ్వా" అన్నాడు, బండి ఆపకుండానే. ఇంకోసారి ఏకంగా బడి గేటు దాకా వచ్చింది. "సరే సరే, నాకు తెలుసు గదా" అని భుజం తట్టి ఆటో ఎక్కించి పంపాడు. అవ్వ కోసం అంత చేస్తున్నందుకు తన మీద తనకే ముచ్చటేసింది.

పాట మాత్రం శ్రద్ధగానే ఎక్కించాడు. రోజూ తాత నోటి దగ్గర చెవి పెట్టి, ఒక్కో చరణం విని, అర్థం కాకపోతే మళ్లీ చెప్పించుకుని ఫోనులో కొట్టుకున్నాడు. అచ్చు తీయడం అరగంట పని కదా అని గంధం రోజు పొద్దుటికి పెట్టుకున్నాడు.

తెలుగు అక్షరాలు అందంగా, పెద్దగా రావాలని ఒక సాఫ్ట్‌వేర్ తెప్పించుకున్నాడు. ట్రయల్. నెల రోజులు ఊరికే వాడుకోవచ్చు, నచ్చితే కొనుక్కోవాలి. ఇన్‌స్టాల్ చేశాడు. తెరిస్తే ఒక మెసేజీ వచ్చి ఆగిపోయింది. ఓకే కొట్టాడు. మూసుకుపోయింది. తీసేసి మళ్లీ ఎక్కించాడు. మళ్లీ మెసేజీ, మళ్లీ ఓకే. కంప్యూటరు ఆపి పెట్టాడు. వైర్లు పీకి దులిపి పెట్టాడు. వైరస్సేమో అని దాన్ని వెతికే ప్రోగ్రాము ఒకటి ఎక్కించాడు. దానికి ఇంకో మెసేజీ వచ్చింది. దానికీ ఓకే.

"బజారులో జిరాక్సు షాపుకి పోగూడదా?" అంది భార్య కళావతి.

"సరే సరే" అన్నాడు గానీ కదల్లేదు. కంప్యూటరు సారు పోయి జిరాక్సు షాపు ముందర వరసలో నిలబడితే రేపు బడిలో పిల్లకాయలు ఊరుకుంటారా?

మధ్యాహ్నం దాటింది. అన్నం చల్లారిపోయింది. పందిరి కట్టడానికి వస్తానన్న ఓబులేసు రాలేదేమని మౌలాలి తాతే కర్ర పట్టుకుని ఇంటికి వచ్చాడు. కళావతి కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. "పొద్దన్నుంచి దాంతోనే కొట్లాట తాతా. నా మాటా యినడు, దాని మాటా యినడు" అని లోపలికి పోయింది.

ఓబులేసు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "తాతా, పొద్దు కుంకితే అవ్వ ఆడికొస్తాది. నా మాట నమ్ముకోనుంది. ఈ ముండమోపి కదలకుండా ఉంది" అంటూనే ఇంకోసారి నొక్కాడు. మెసేజీ వచ్చింది. వేలు ఓకే మీదికి పోయింది.

తాత వంగి అతని చెయ్యి పట్టుకున్నాడు. మౌస్ మీద నుంచి ఎత్తి, అతని మోకాలి మీద పెట్టాడు. దాని మీద తన చెయ్యి పెట్టి అట్లాగే ఉంచాడు.

"ఏమంటాంది అది?" అన్నాడు, అతని చెవి దగ్గరే.

"ఏదో మెసేజీ తాతా. పొద్దన్నుంచీ అదే."

"నాకు ఇంగిలీషు రాదు. తెలుగులో చెప్పు."

"ట్రయల్ మొదలుపెట్టేదానికి కాలేదంట."

"అంతేనా? ఇంగా ఉన్నట్టుందే, కింద. సన్నగా."

ఓబులేసు కింద చూశాడు. ముసలాయనకి చెప్పాలి కాబట్టి ఒక్కో మాటే తెలుగు చేసుకుంటూ చదివాడు. "మీ కంప్యూటరులో... తేదీ... తప్పుగా ఉన్నది. తేదీ సరిచేసి... మళ్లీ మొదలుపెట్టండి."

చదివాక గుర్తొచ్చింది. లోపలుండే చిన్న బ్యాటరీ అయిపోయి చాలా రోజులైంది. కరెంటు పోయినప్పుడల్లా ఆ కంప్యూటరు ఏనాటి తేదీకో వెనక్కి పోతుంది. గడియారం తప్పు చూపిస్తోందని కళావతి కూడా అంది. దానికీ సరే అన్నట్టు గుర్తు.

తేదీ మార్చాడు. సాఫ్ట్‌వేర్ మారు మాట్లాడకుండా తెరుచుకుంది.

పాట అందులోకి తెచ్చి, అక్షరాలు పెంచి, హుషారుగా ప్రింట్ కొట్టాడు. ఒక పెట్టె వచ్చింది. ఓకే కొట్టాడు. ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. మళ్లీ కొట్టాడు. పెట్టె, ఓకే. కాగితాలు తీసి పెట్టాడు. ఇంక్ డబ్బా తీసి ఊపాడు. మళ్లీ కొట్టాడు. ఆఖరికి ప్రింటరు నెత్తిన అరచేత్తో ఒక్కటి వేశాడు.

తాత మళ్లీ చెయ్యి పట్టుకున్నాడు. మౌస్ మీద నుంచి మోకాలి మీదికి.

ఈసారి ఓబులేసు అడిగించుకోలేదు. తనే చదివాడు. "ఈ పేజీని ఏ పేరుతో... యాడ దాచమంటారు?"

"నువ్వేమన్యావు?"

"సరే అన్యా తాతా."

"యాడ అని అడిగితే సరే అంటివా?"

సిగ్గేసింది ఓబులేసుకి. ఆ సాఫ్ట్‌వేర్ వస్తూ వస్తూ కాగితం అక్కర్లేని ప్రింటరు ఒకటి వెంటబెట్టుకొచ్చింది. పేరుకే ప్రింటరు. ఏది పంపినా అచ్చు వేయకుండా కంప్యూటరులోనే దాచిపెడుతుంది. దాచే చోటు తెరిచి చూస్తే పాట వరసగా ఉంది. ఒకటీ, రెండూ, మూడూ అని అంకెలు తగిలించుకుని, అడిగినన్ని.

"నువ్వు అడిగినప్పుడల్లా ఇచ్చిందన్నమాట" అన్నాడు తాత.

"ఇచ్చింది తాతా."

"పాపం" అన్నాడు తాత, ప్రింటరుకేసి చూస్తూ. మజ్జిగ గ్లాసు ఎత్తి నిదానంగా తాగాడు.

అసలు ప్రింటరు పేరు ఎంచుకున్నాడు ఓబులేసు. అది గురగురమని, గొంతు సవరించుకుని, కాగితం బయటికి తోసింది. బొటనవేలంత అక్షరాలు. ప్రతి కాగితం అడుగునా ట్రయల్ అని ఒక వరస పడింది. ఎవరేమనుకుంటారో అని నొచ్చుకుంటే, "పాట పైనుంది గదప్పా" అన్నాడు తాత. ఓబులేసు వేడివేడి కాగితాలు రెండు చేతుల్తో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. తాత కాళ్లకి దండం పెట్టబోతే తాత పెట్టనివ్వలేదు. "పందిరి కట్టల్ల, పా" అన్నాడు.

సాయంత్రం తకియా నిండింది. సమాధి మీద పూలచద్దరు కప్పారు. ఊదుబత్తీల పొగ రేకుల కింద తిరుగుతోంది. ఇమాంబీ అవ్వ వచ్చి ఒక మూల కూర్చుంది, పాడే చోట కాదు. ఓబులేసు వెళ్లి చెయ్యి పట్టుకుని తెచ్చి సమాధి ముందర కూర్చోబెట్టాడు. కాగితాలు ఆమె ఒళ్లో పెట్టాడు.

అవ్వ వాటిని తడిమి చూసింది. కళ్లకద్దుకుంది. "నా కోసరం ఎంత కష్టపడితివి నాయనా. సల్లగుండు" అంది. కాగితాలు ఒళ్లో తలకిందులుగా ఉన్నాయి. ఆమె వాటిని తిప్పలేదు.

"కండ్లజోడు పెట్టుకో అవ్వా. తంబుర అందుకోమంటా."

"అదే నాయనా, నేను చెప్పేది..."

"సరే అవ్వా, నువ్వు మొదలు..."

అతని చెయ్యి అప్పటికే గాల్లోకి లేచింది, తంబుర వాయించే మనిషికి సైగ చేయడానికి. పక్కనే కూర్చున్న మౌలాలి తాత ఆ చెయ్యి అందుకున్నాడు. దించి, మోకాలి మీద పెట్టాడు. దాని మీద తన చెయ్యి పెట్టాడు.

ఓబులేసు నోట్లో మాట నోట్లోనే ఆగింది. తాత వంక చూశాడు. తాత అవ్వ వంక చూస్తున్నాడు.

అతను వంగి, తాతకి పెట్టినట్టే, అవ్వ నోటి దగ్గర చెవి పెట్టాడు.

"చెప్పవ్వా" అన్నాడు.

"నాకు అచ్చరం ముక్క రాదు నాయనా" అంది ఇమాంబీ, ఎవరికీ వినబడకుండా. "మొదటి నుంచీ రాదు. మా చెల్లెలు హుసేనమ్మ ఉన్నన్నాళ్లు నా పక్కన కూచోని, వరస వరసకీ మొదటి మాట చెవిలో అందిచ్చేది. ఆ ఒక్క మాట పడితే తక్కింది దానంతటదే వస్తాది. అది సచ్చిపోయినాక అందిచ్చే దిక్కు లేక ఆగిపోతి. తాత గుసగుస తంబుర సద్దులో నా చెవికి అందదు. నువ్వు తాత నోట పాటంతా విన్యావంట గదా, నువ్వు పక్కన కూచోని అందియ్యి కొడుకా అని చెప్దామని, ఎన్నిసార్లో వస్తి."

ఓబులేసుకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అవ్వ ఒళ్లోంచి కాగితాలు మెల్లగా తీసుకుని, తిప్పి, తన ఒళ్లో పెట్టుకున్నాడు. జరిగి, ఆమె భుజానికి తన భుజం ఆనేటట్టు కూర్చున్నాడు.

తంబుర మొదలైంది. "పిలిచిన" అన్నాడు ఆమె చెవిలో.

*పిలిచినవాడు వాకిట నిలిచె...* అని ఎత్తుకుంది ఇమాంబీ. పండిపోయిన గొంతు. రేకుల కింద ఎక్కడి మాటలు అక్కడ ఆగిపోయాయి.

"పనుల" అన్నాడు.

*పనుల సందడిలో పలకక ఉంటి...*

ఆ వరస తనే తాత దగ్గర విన్నాడు, తనే కొట్టాడు, మధ్యాహ్నం మళ్లీ మళ్లీ ప్రింట్ నొక్కింది కూడా ఆ వరసే. ఇప్పుడు మొదటిసారి విన్నట్టనిపించింది. కళ్లు మసకబారి కాగితం కనబడలేదు. కాగితం అక్కర్లేకపోయింది కూడా. ఆమె ఊపిరి తీసే తీరు వింటుంటే ఎక్కడ మాట కావాలో తెలుస్తోంది. పోయిన ఏడు ఆగిన చోటు వచ్చింది. అవ్వ వేళ్లు అతని చేతిని గట్టిగా పట్టుకున్నాయి. మాట అందించాడు. ఆమె దాటేసింది.

పాట అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. ఇమాంబీ అతని చేతిని తీసి తన కళ్లకద్దుకుని, తన నెత్తి మీద పెట్టుకుంది. "మా హుసేనమ్మ వచ్చినట్టుండాది" అంది. నేను అవ్వకి ఏదో చేద్దామనుకున్నాను, అవ్వే నాకు చేసింది అనుకున్నాడు ఓబులేసు. ఆ ముసలి చేతుల్ని వదలబుద్ధి కాలేదు.

బొరుగులు పంచుతున్నారు. తాత ఓబులేసుని దగ్గరికి రమ్మని సైగ చేశాడు. అతను వంగాడు.

"మొన్న నువ్వేందో అడిగితివే" అన్నాడు తాత గుసగుసగా. "జవాబు రాల్యా అని. గంధం అయింది. ఇంగ అడుగు."

ఓబులేసు నోరు తెరిచాడు. అంతలో పక్కన ఇమాంబీ నీళ్ల చెంబు కింద పెట్టి, "కొడుకా, ఇంగొక మాట" అంది.

"ఒక్క నిమిషం తాతా" అని ఓబులేసు అవ్వ వైపు తిరిగాడు.

చప్పుడు లేకుండా నవ్వుకున్నాడు మౌలాలి తాత.