ఈదమ్మ చెయ్యి

అప్పటికి శ్రీశైలం కొండమీదికి బండిబాట లేదు. ఘాట్‌రోడ్డు లేదు, వంతెన లేదు. నల్లమల ఉంది. నల్లమలలో పులి ఉంది, తేనె ఉంది, చెంచుల పెంటలు ఉన్నాయి. పెంట అంటే నాలుగు గుడిసెల ఊరు. అట్లాంటి ఒక పెంటలో ఈదమ్మ ఉండేది.

ఆమెకి పొలం లేదు, గొడ్డూ గోదా లేదు. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుణ్ణి జ్వరం తీసుకుపోయింది. గడ్డలు తవ్వుకుని, పండ్లు ఏరుకుని బతికేది. శ్రీశైలం మల్లన్నని చూడాలని దూరదూరాల జనం నడిచొచ్చి, అడవి మొదట్లో దారి తెలీక నిలబడిపోయేవాళ్ళు. వాళ్ళని కొండ దాటించేది ఈదమ్మే.

మల్లన్న చెంచుపిల్లని చేసుకున్నాడని చెంచుల మాట. అంటే దేవుడు వాళ్ళకి అల్లుడు. అందుకే ఈదమ్మ అనేది, "మీరు మా అల్లుడింటికి పోయే చుట్టాలు. ఊరికే నడిచిపోతే ఎట్లా? మా ఇల్లు చూసి పోండి."

ఇల్లంటే ఆమెకి గుడిసె కాదు, అడవంతా.

జంట బండల నడుమ నిలబెట్టి, "ఇది మా వాకిలి," అనేది. చెప్పులు విప్పి దండం పెట్టించేది. మొర్రిచెట్ల కిందికి తీసుకుపోయి, "ఇది మా వంటిల్లు," అనేది. దోసిలి నిండా పండ్లు పోసేది. ఆకాశానికి వేలాడే కొండచరియ కిందికి తీసుకుపోయి, "ఇది మా అటక," అనేది. తలెత్తితే చరియ పొడుగునా నల్లటి తేనెపట్లు.

"తేనె తియ్యడానికి మొగుడు తాడు మీద దిగుతాడు. పైన తాడు పట్టేది పెళ్ళాం తమ్ముడు. అక్క పసుపుకుంకుమలు వాడి చేతిలో ఉన్నట్టే. ఇంక వదులుతాడా?" అని నవ్వేది.

ఒక ఎండాకాలం ఒక గుంపు వచ్చింది. గుంపుకి పెద్ద కరిబసప్ప. అందరికంటే వెనక, కర్ర పట్టుకుని, బుచ్చవ్వ. ఆమెకి రెండు కళ్ళూ కనపడవు.

ఈదమ్మ పోయి బుచ్చవ్వ పక్కన నడిచింది.

"చూపు లేనామెకి వాకిలేంది, వంటిల్లేంది," అన్నాడు కరిబసప్ప. "పొద్దు పోతాంది. తొందరగా నడిపించు తల్లీ."

"ఆమే చుట్టమే కదయ్యా," అంది ఈదమ్మ.

ఎలుగుబంటి గోళ్ళతో గీరిన బెరడు మీద బుచ్చవ్వ వేళ్ళు పెట్టించింది. ఎండు ఇప్పపువ్వు ముక్కు దగ్గర పెట్టింది. చరియ కింద ఆమెని నిలబెట్టి, "విను అవ్వా," అంది. పైన వేలవేల తేనెటీగల మోత. బుచ్చవ్వ మొహం పైకెత్తింది.

"మబ్బు ఉరిమినట్టుంది బిడ్డా. కానీ భయం వెయ్యట్లేదు," అంది.

అక్కణ్ణించి కొంచెం దూరం పోయారో లేదో, గాలి వేడెక్కింది. వెదురు ఫట్‌ఫట్‌మని పేలడం వినిపించింది. కార్చిచ్చు. ముందు పొగ వచ్చింది, పొగ వెనక ఎర్రగా మంట. కింద దారి మూసుకుంది. మీద దారి మూసుకుంది.

ఒక్క చోటుంది. చరియ కడుపులో ఒక గుహ. చెంచు కానివాళ్ళ పాదం అందులో పడకూడదు. తాతల చోటది. దాని పేరు కూడా బయటివాళ్ళ ముందు ఎత్తరు.

ఈదమ్మ మంట వైపు చూసింది. చుట్టాల వైపు చూసింది.

"కళ్ళు మూసుకోండి. చెయ్యీ చెయ్యీ పట్టుకోండి. వదలొద్దు," అంది.

ఎట్లాగూ పొగకి కళ్ళు మండిపోతున్నాయి. అందరూ మూసుకున్నారు. కాళ్ళు మాత్రం కదల్లేదు. కళ్ళు మూసుకుని కొండ అంచున నడవడం వాళ్ళకి చేతకాదు. అది చేతనైన మనిషి గుంపులో ఒక్కతే. ఈదమ్మ బుచ్చవ్వ చెయ్యి పట్టుకుంది. బుచ్చవ్వ కరిబసప్ప చెయ్యి పట్టుకుంది.

"నా అడుగు వెనకే నీ అడుగు వెయ్యి నాయనా," అంది ముసలామె.

వరస కదిలింది. ఎవరైనా తడబడితే ముందునుంచి ఈదమ్మ గొంతు వచ్చేది. "చెయ్యీ చెయ్యీ పట్టుకోండి. వదలొద్దు." ఒంటి మీద నిప్పురవ్వలు పడ్డాయి. ఎవరూ వదల్లేదు. ఉన్నట్టుండి పాదాల కింద రాయి చల్లబడింది. మొహాలకి చెమ్మగాలి తగిలింది.

"ఇంక తెరవొచ్చా?" అన్నాడు కరిబసప్ప.

ఈదమ్మ వెనక్కి తిరిగి వాళ్ళ మొహాలు చూసింది. ఇంటికి తెచ్చిన చుట్టాన్ని కళ్ళు మూసుకునే ఉండమనడం ఎట్లా?

"తెరవండి," అంది.

గోడల నిండా చేతులు. రాయి ఇంకా మట్టిగా ఉన్న రోజుల్లో తాతలు అదిమిన అరచేతులు. ముసలి చేతులు, పడుచు చేతులు, చంటిబిడ్డ చేతులు, కప్పు దాకా. పైనున్న చీలికలోంచి మంట వెలుగు పడి, అన్నీ కదులుతున్నట్టున్నాయి. కరిబసప్ప మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఎవరూ గట్టిగా ఊపిరి తీసుకోలేదు.

"ఏముంది బిడ్డా? అందరూ ఎందుకు ఊరుకున్నారు?" అంది బుచ్చవ్వ.

ఈదమ్మ ఆమె అరచెయ్యి తీసుకుపోయి గోడలో ఒక చేతి గుంటలో ఉంచింది. సరిగ్గా సరిపోయింది. బుచ్చవ్వ కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"ఎవరో పట్టుకున్నారు," అంది మెల్లగా.

మంట చల్లారాక ఈదమ్మ వాళ్ళని మళ్ళీ కళ్ళు మూయించి, అట్లాగే చేతులు పట్టించి, బయటికి తెచ్చి కొండ దాటించింది. తిరిగి పెంటకి పోయి పెద్దమనిషి గురవయ్య ముందు నిలబడింది. జరిగిందంతా చెప్పింది.

"తాతలు వద్దన్న పని చేశావు," అన్నాడు గురవయ్య. "పెంట విడిచి పొమ్మంటే పోవాల్సిందే. తెలుసు కదా?"

"తెలుసు మామా. తాతలు వద్దనేవాళ్ళే అయితే, చేతులు ఎందుకు చాపి పెట్టారు?"

గురవయ్య కొంచెం జరిగి, తన పక్కన చాప మీద ఆమెకి చోటిచ్చాడు.

ఈదమ్మ ఇంకా ఎన్నో ఏళ్ళు చుట్టాల్ని నడిపించింది. ముసలిదై, ఒక వానాకాలం పొద్దున, గుడిసెలో నిద్రలోనే పోయింది. గుహ చూసినవాళ్ళలో ఎవరూ దాని చోటు గురించి పెదవి విప్పలేదు. అది ఎక్కడుందో ఇప్పటికీ బయటివాళ్ళెవరికీ తెలీదు.

ఇప్పుడు కూడా ఆ అడవిదారిన నడిచిపోయేవాళ్ళు చరియ దాటగానే ఆగుతారు. పేరడగరు, ఊరడగరు, పక్కనున్నవాళ్ళ చెయ్యి పట్టుకుంటారు. కళ్ళు మూసుకుని కొంతదూరం మాట లేకుండా నడుస్తారు. వరసలో మొదట ఉన్న మనిషికి ముందు పట్టుకోవడానికి ఎవరూ ఉండరు. అయినా ఆ మనిషి ఒక చెయ్యి ముందుకు చాపే నడుస్తాడు.

ఆ చేతిలో ఏమీ లేదు కదా అని ఎవరైనా అడిగితే, "ఈదమ్మ ఉంది," అంటారు.