రెండు పట్టే కడవలో మూడోది

అల్లరి ఆపి, కాళ్లు ముడుచుకుని కూర్చుంటేనే చెబుతాను. మధ్యలో ఎవరైనా లేచారో, రాజకుమారుణ్ణి సముద్రం ఒడ్డునే వదిలేసి నేనూ లేచిపోతాను. తర్వాత మీరే వెతుక్కోవాలి.

ఏడు సముద్రాలకు ఇవతల తామరవీడు అని ఒక రాజ్యం ఉండేది. దానికి పద్మసేనుడని ఒక రాజు, హేమలేఖ అని ఆయన రాణి. వాళ్లకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రుద్రసేనుడు, నడిమివాడు భద్రసేనుడు, చిన్నవాడు ఇందుసేనుడు.

ఆ ఊరివాళ్లకు ఒక అలవాటుంది. కొసరు వెయ్యకుండా ఎవరికీ ఏదీ ఇవ్వరు. శేరు బియ్యం అడిగితే శేరు కొలిచి పైన ఓ గుప్పెడు. చెంబుడు పాలు అడిగితే చెంబు నింపి పైన ఓ గరిటెడు. బడిలో పంతులుగారు రెండు దెబ్బలు వెయ్యాల్సొస్తే మూడోది కొసరు. అంత మంచివాళ్లు, పాపం.

ఒకనాడు కుంభాక్షుడనే మాయావి సన్యాసి వేషంలో కోట గుమ్మం ముందుకొచ్చి, "తల్లీ, రెండు దోసిళ్ల బియ్యం పెట్టు" అన్నాడు. రాణిగారు రెండు దోసిళ్లు పోసింది. అలవాటు చొప్పున మూడో దోసిలీ పోసింది. అంతే, వాడికి ఒళ్లు మండిపోయింది.

"నేను అడిగింది రెండు. మూడోది ఎవరు వెయ్యమన్నారు? లెక్క తప్పినవాళ్లను నేను వదలను" అని కమండలంలో నీళ్లు ఆమె మొహాన చల్లాడు. రాణి చేట పట్టుకున్నది పట్టుకున్నట్టే నిద్రలోకి జారిపోయింది. "ఏడు సముద్రాల అవతల నా దీవిలో మేలుకొలుపు కడవ ఉంది. నలభై రోజుల్లోగా దానిచేత లేపించుకోండి. లేదా ఈవిడ ఇక లేవదు" అని చెప్పి మాయమైపోయాడు.

రాజుగారు భార్య చెయ్యి పట్టుకుని మంచం పక్కన కూలబడ్డాడు. మర్నాడే పెద్దకొడుకు ఓడెక్కాడు. పదిరోజులైనా రాలేదు. నడిమివాడు ఓడెక్కాడు. మరో పదిరోజులైనా వాడూ రాలేదు. ఇక మిగిలినవాడు ఇందుసేనుడు. వాణ్ణి పంపనని రాజు ఏడ్చాడు. "నాన్నగారూ, అమ్మ లేకుండా మీరూ ఉండలేరు, నేనూ ఉండలేను. నన్ను పోనివ్వండి" అన్నాడు వాడు. తల్లి దువ్వెనలో చిక్కుకున్న ఒకే ఒక వెంట్రుకను ఉత్తరీయం అంచున ముడివేసుకుని బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున ఒక కొండచిలువ వలలో చిక్కుకుని గింజుకుంటోంది. పక్కన బంకమట్టి మూట పడి ఉంది. మనవాడికి భయం వేసింది, వెయ్యదా మరి, అయినా కత్తి తీసి వల కోశాడు.

"బతికించావు రాజకుమారా. నేను కుంభాక్షుడి కొలువులో ఉన్నాను. వాడికి మట్టి కోసం వచ్చాను" అంది కొండచిలువ.

"అయితే నన్ను వాడి దీవికి తీసుకుపోతావా, చిలువమ్మా?"

"తీసుకుపోతాను. కానీ నా నోటికి వాడు కట్టు వేశాడు. జరిగినదేదైనా చెప్పగలను, దాచినదేదీ చెప్పలేను."

వాడు దాని వీపునెక్కాడు. ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రం దాటేటప్పుడు చిలువమ్మ మూతి బిగించుకుంది. నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాలసముద్రం దాటారు. మంచినీళ్ల సముద్రం దాటి దీవిలో కాలుపెట్టేసరికి నలభయ్యో రోజు పొద్దెక్కింది. సాయంత్రంలోగా పని కాకపోతే అమ్మ ఇక లేదు.

కొండలో ఒకదాని వెనక ఒకటి మూడు గదులు. గదికొక మట్టి కడవ. చుట్టూ లోకంలో ఉన్న సామానంతా గుట్టలు గుట్టలు. కడవకు కావాల్సినవి వేసి మూత పెడితే అది తన పని చేస్తుంది. తప్పువేస్తే అరిచి, వేసినవన్నీ బయటికి కక్కేస్తుంది. ఒకే కడవ దగ్గర మూడుసార్లు తప్పితే మనిషి మట్టిబొమ్మ అయిపోతాడు.

మొదటి గది గుమ్మంలోనే ఒక మట్టిబొమ్మ నిలబడి ఉంది. అది రుద్రసేనుడే. ఇందుసేనుడు ఆ బొమ్మ కాళ్లు పట్టుకుని బావురుమన్నాడు.

"మా అన్నయ్య ఏం చేశాడు, చిలువమ్మా?"

"కడవ అరవగానే రోషం వచ్చింది. నన్నే తిడతావా అని ఇంకా ఇంకా వేశాడు. అది ఏమంటోందో ఒక్కసారైనా వినలేదు."

ఇందుసేనుడు కళ్లు తుడుచుకున్నాడు. కడవ మూత మీద దీపం బొమ్మ ఉంది. దీపమంటే వత్తి కదా అని ఒక వత్తి వేసి మూత పెట్టాడు. కడవ గది దద్దరిల్లేలా అరిచింది. "నేను మొదటి గది కడవను. నా మూత తీసింది మనిషి చెయ్యి. ఆ చెయ్యి వత్తి వేసింది. వేసి మూత పెట్టింది. రెండు కావాలి, ఒకటే వచ్చింది, నూనె రాలేదు."

ముందు మాటలన్నీ చెవులు గింగిర్లెత్తించే గోల. కాస్త ఊపిరి పీల్చుకుని ఆలోచిస్తే, చివరి మాటలో మాత్రం విషయం ఉంది. నూనె రాలేదట. "ఇది తిట్టడం లేదు చిలువమ్మా, ఏం తక్కువో చెబుతోంది" అన్నాడు. చిలువమ్మ కళ్లు మెరిశాయి.

వత్తి వేశాడు, నూనె పోశాడు. పోసి ఊరుకున్నాడా? తామరవీడు బిడ్డ కదా, చెయ్యి ఊరుకోక ఇంకో వత్తి కొసరు వేశాడు. "రెండు పడతాయి, మూడు వచ్చాయి" అని అరిచింది కడవ. వాడు నాలిక కరుచుకున్నాడు. కొసరు తీసెయ్యాలంటే ఎవరికో అన్యాయం చేస్తున్నట్టు అనిపించింది. అయినా తీసి, సరిగ్గా రెండే వేశాడు. తలుపు తెరుచుకుంది.

ఏమే చిన్నీ, ఎందుకు నవ్వుతున్నావ్? నిన్న నీ కంప్యూటర్‌లో నువ్వు రాసిన పైథాన్ ప్రోగ్రాం ఎర్రక్షరాల్లో ఏమంది? రెండు అడిగితే మూడిచ్చావంది. నువ్వేం చేశావు? మూత ధడాలున మూసి అన్నం మానేశావు. పెద్ద రాజకుమారుడూ అచ్చం నీలాంటివాడే. సరే, విను.

రెండో గది కడవ మూత మీద "పది వడ్లగింజలు, ఒక పిడికెడు మన్ను" అని రాసి ఉంది. పక్కనే వడ్లగుట్ట ఉంది. కానీ రాజకుమారుడు కదా, చీటీ రాసి పంపిస్తే సామాను దానంతటదే వస్తుందని చిన్నప్పటినుంచీ అలవాటు. తాటాకు మీద "పది వడ్లగింజలు" అని అందంగా రాసి కడవలో వేశాడు, పిడికెడు మన్ను వేశాడు. కడవ మళ్లీ ఊరూ పేరూ గోత్రం అన్నీ అరిచి, చివర్న అంది, "గింజలు కావాలి, గింజలని రాసిన ఆకు వచ్చింది."

వాడికి సిగ్గేసింది. గుట్ట ముందు గొంతుక్కూర్చుని, ఒకటి, రెండు, మూడు అని తన చేత్తో పది గింజలు లెక్కపెట్టి వేశాడు. కొసరు వెయ్యలేదు. తలుపు తెరుచుకుంది.

మూడో గదిలో మేలుకొలుపు కడవ ఉంది. పక్కనే భద్రసేనుడి బొమ్మ ఉంది. మూత మీద "ఎవరిని లేపాలి, ఎవరు పిలుస్తున్నారు" అని రాసి ఉంది. రెండే. వాడు ఉత్తరీయం ముడి విప్పి అమ్మ వెంట్రుక వేశాడు. కడవ మీదికి వంగి "అమ్మా" అని ఒక్కసారి పిలిచి, ఆ పిలుపు బయటికి పోకుండా మూత పెట్టాడు.

"రెండు పడతాయి, మూడు వచ్చాయి" అంది కడవ.

వాడు తెల్లబోయాడు. పాడు అలవాటు, మళ్లీ చెయ్యి జారిందేమో అనుకున్నాడు. కడవ కక్కిన వెంట్రుకను వెలుగులో పెట్టి చూశాడు. ఒకటే. పిలిచింది కూడా ఒక్కసారే. అయినా తప్పు తనదేననిపించింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ కొసరు వేసినవాడికి తన చేతిమీద తనకే నమ్మకం ఎక్కడుంటుంది?

"మా నడిమి అన్నయ్యకూ ఇలాగే అయిందా?"

"అయింది. తనే ఎక్కువ వేశాననుకుని పిలుపు మానేసి ఉంగరం ఒక్కటే వేశాడు. మీ అమ్మ ఉంగరం. కడవ కిక్కురుమనకుండా పనిచేసింది. కానీ లేచింది మీ అమ్మ కాదు. కునుకు తీస్తున్న కుంభాక్షుడు లేచాడు. వచ్చి మీ అన్నను బొమ్మను చేసి పోయాడు" అంది చిలువమ్మ.

పొద్దు వాలుతోంది. ఇందుసేనుడు కడవలో ఏమీ వెయ్యకుండా మూత పెట్టబోయాడు.

"అదేం పని? తెలిసి తెలిసి తప్పు చేస్తావా? రెండో తప్పవుతుంది. మిగిలేది ఒక్కటే" అంది చిలువమ్మ.

"కడవ అబద్ధం చెబుతుందా?"

"ఎన్నడూ చెప్పదు."

"అయితే దీన్ని అడిగే తెలుసుకుంటాను" అని ఖాళీ కడవ మీద మూత పెట్టాడు.

"రెండు కావాలి" అని అరిచింది కడవ. "ఒకటి రాలేదు."

వాడు ఆ మాట మళ్లీ మనసులో అనుకున్నాడు. నేను వేసింది సున్న. రెండూ రాలేదనాలి. ఒకటే తక్కువంటోందేమిటి? అంటే నా చెయ్యి తప్పలేదు. నేను వెయ్యకముందే ఎవరో లోపల కూర్చున్నారు. అన్నయ్య వేసిన ఉంగరం పిలుపు లెక్కలో పడి మాయావి లేచాడంటే, లేపాల్సినవాడి చోట కూర్చున్నది మాయావి ప్రాణమే.

అరిచే కడవలో చెయ్యి పెట్టే ధైర్యం అప్పటిదాకా ఎవరికీ లేకపోయింది. వాడు భుజం దాకా చెయ్యి పెట్టి అడుగంతా తడిమాడు. బొటనవేలంత చిలక ఒకటి గోళ్లతో మట్టిని పట్టుకుని ఉంది. పొడిచింది, రక్కింది. వాడు వదలకుండా పైకి లాగాడు.

ఆ క్షణమే కుంభాక్షుడు రొప్పుకుంటూ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఇందుసేనుడు వాడివైపు చూడనైనా చూడలేదు. ఎడమచేతి గుప్పిట్లో చిలక, కుడిచేత్తో వెంట్రుక వేశాడు, "అమ్మా" అన్నాడు, మూత పెట్టాడు. కడవ ఏమీ అనలేదు. గోరువెచ్చగా అయింది, అంతే.

కుంభాక్షుడు మెత్తగా నవ్వాడు. "మీ అమ్మ లేచిందో లేదో నీకెలా తెలుస్తుంది నాయనా? ఏడు సముద్రాల అవతల ఉంది. ఆ చిలకను ఇలా ఇయ్యి. నా అద్దంలో మీ అమ్మను కళ్లారా చూపిస్తాను."

ఇందుసేనుడికి ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. అమ్మ మొహం ఒక్కసారి చూస్తే చాలనిపించింది. గుప్పిట సడలింది కూడా. చిలక తల బయటపెట్టింది.

"చిలువమ్మా, కడవ తప్పు పట్టలేదు కదా?"

"పట్టలేదు."

"అయితే నాకు అద్దం అక్కర్లేదు" అని వాడు చిలకను గుమ్మంలోంచి పడుతున్న ఎండలోకి చాచి పట్టుకున్నాడు. కడవ నీడ తప్ప ఇంకేమీ ఎరగని చిలక అది. ఎండ తగలగానే ఈకలు రాలి, బూడిదై వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. కుంభాక్షుడు నిలబడ్డచోట ఎండిన మట్టిపెళ్లల కుప్ప మిగిలింది.

రుద్రసేనుడు తుమ్మాడు. భద్రసేనుడు ఒళ్లు విరుచుకున్నాడు. ముగ్గురన్నదమ్ములూ కావలించుకుని ఏడ్చుకున్నారు. చూస్తే చిలువమ్మ లేదు. అక్కడ చేతులకు మట్టి అంటిన ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"నా పేరు చంద్రాలు. కుమ్మరివాళ్ల పిల్లను. ఈ కడవలు నేను చేసినవే" అంది. "వాడు మూగ కడవలు చెయ్యమన్నాడు. తప్పు వేసినవాడు ఎందుకు చచ్చాడో తెలియకుండా చావాలని వాడి కోరిక. నాకు మనసొప్పలేదు. ఎక్కడ తప్పిందో చెప్పే నోరు ప్రతి కడవకూ పెట్టాను. అందుకే నన్ను పామును చేశాడు. నోరైతే పెట్టాను కానీ, ఇన్నేళ్లలో విన్నవాడివి నువ్వొక్కడివే."

"మరి అంత గట్టిగా అరవడమెందుకు?" అన్నాడు రుద్రసేనుడు, ఇంకా కాస్త రోషంగానే.

"మెల్లగా చెబితే మీలాంటివాళ్లకు వినబడదు కదండీ" అంది చంద్రాలు.

అన్నలు వచ్చిన ఓడల్లో ఒకదాంట్లో నలుగురూ వెనక్కి బయల్దేరారు. దారిపొడుగునా ఇందుసేనుడు సరిగా తినలేదు, పడుకోలేదు. కడవ అబద్ధం చెప్పదని తెలుసు. తెలిసినా కన్నబిడ్డ కదా, గుండె ఊరుకుంటుందా? ఒడ్డు తగలగానే ఓడలోంచి దూకి, కోటదాకా పరుగెత్తాడు. అమ్మ గదిలోకి వెళ్లాడు. మంచం ఖాళీగా ఉంది.

అప్పుడు వెనకనుంచి పెరటి తలుపు చప్పుడైంది. హేమలేఖ చెదిరిన జుట్టుతో, ఎర్రబడ్డ కళ్లతో లోపలికొచ్చింది. వాణ్ణి చూసి గడప దగ్గరే ఆగిపోయింది. దగ్గరికొచ్చి రెండు చేతులతో వాడి మొహం పట్టుకుంది.

"ఎక్కడున్నావురా నాయనా?" అంది. "నువ్వు పిలిచిన దగ్గర్నుంచీ ఇల్లిల్లూ వెతుకుతున్నాను."

వాడు తల్లి భుజంమీద తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె వీపు నిమురుతూ అలాగే నిలబడింది.

ఆ మాఘంలోనే చంద్రాలుకూ ఇందుసేనుడికీ పెళ్లయింది. కుమ్మరి పిల్ల కోడలేమిటని రాజుగారు నసిగారట. "నన్ను లేపిన కడవ ఆ పిల్ల చేతిది" అని రాణిగారు ఒక్కమాట అంది, ఆయన సర్దుకున్నాడు. అన్నలిద్దరూ దగ్గరుండి తమ్ముడికే పట్టం కట్టారు. వాడు అరవై ఏళ్లు రాజ్యం చేశాడు. వాడి కొలువులో తప్పుచేసి వచ్చినవాడెవడూ తిట్లు తిని పోలేదు. ఏది తక్కువైందో, ఏది ఎక్కువైందో తెలుసుకుని ఇంటికి పోయి, దిద్దుకుని, మర్నాడు మళ్లీ వచ్చేవాడు.