గొంగడి పేలిక కట్టిన కర్ర

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి వెనకాల కనుచూపు మేర గడ్డిబీడు. చెట్టూ లేదు, పుట్టా లేదు. ఒరే, కాళ్ళు ఆడించకుండా పడుకుంటేనే చెప్తా. ఆ బీడులో బట్టమేక పిట్ట ఉండేది. నీ అంత ఎత్తు పిట్టరా. గూడు కట్టదు, ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు, అదీ వట్టి నేల మీద పెడుతుంది. ఒకప్పుడు గుంపులుగా తిరిగేవంట, మన కథనాటికి ఒక్క జతే మిగిలింది.

ఆ బీడులో గొర్లు కాసే ఇంటి కోడలు సుంకులమ్మ. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. గుడ్డు కనిపిస్తే దాని పక్కనే కర్ర నాటి, గొంగడి పేలిక కడతారు. అది చూసి కాపర్లంతా గొర్లని దూరంగా తిప్పుకుపోతారు. మామ పోయేముందు కోడల్ని పిలిచి, మా తాతల నాటి నుంచి చేస్తున్నాం, ఇక ఆ గుడ్డు నీ పూచీ అని కర్ర చేతిలో పెట్టాడు. ఊ కొడుతున్నారా?

రాజుకి ఆ పిట్టంటే ప్రాణం. చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. పిట్ట కోసం బీడంతా అడవి చేయాలనుకున్నాడు. రాజు మంత్రిని అడిగాడు, మంత్రి కొలతగాణ్ణి అడిగాడు, కొలతగాడు తన తాడుని అడిగాడు. తాడేం చెబుతుంది, పొడుగు చెప్పింది, వెడల్పు చెప్పింది. గొర్లు కాసేదాన్ని మాత్రం ఒక్కరూ అడగలా. పైగా పిట్టకి ఇబ్బందని గొర్లని బీడులోకే రానివ్వలా.

గుడ్డు ఏమైందంటావా? అదే చెప్తున్నా, ఆగు. మొక్కలకి గుంతలు తవ్వే కూలీలు, ఆ ఏడు గుడ్డు పక్కన సుంకులమ్మ నాటిన కర్రని చూసి, ఇక్కడ తవ్వమని ఎవరో గుర్తు పెట్టారనుకున్నారు. మొదటి గడ్డపార అక్కడే దించారు. సుంకులమ్మ పరిగెత్తుకొచ్చేసరికి మట్టి తడిగా ఉంది, పెంకు ముక్కలున్నాయి. ఆ జత గుంత చుట్టూ ఒక పూటంతా తిరిగి, పడమటికి లేచిపోయింది. చెప్పడానికి నాకే కష్టంగా ఉంది.

ఆమె పెంకుల్ని కొంగున కట్టుకుపోయి రాజు ముందర పరిచింది. దానికి అడవి కాదయ్యా, బయలు కావాల, నక్క వస్తుంటే దూరం నుంచే కనబడాల, ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని గదా అంది. రాజు గుంతలన్నీ పూడ్చేయమన్నాడు. ఆ తర్వాత రైతుల్ని, కాపర్లని, కొలతగాణ్ణి ఒకచోట కూర్చోబెట్టాడు. పిట్ట ఎక్కడ మేసేది, ఎప్పుడు గుడ్డు పెట్టేది, ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పారు. సుంకులమ్మ ముగ్గుపిండితో బీడంతా నేల మీద గీసింది. ఇది దున్నుకునేది, ఇది మేపుకునేది, ఇది పిట్టది. పిట్ట భాగంలో చుక్క కూడా పెట్టలా.

రైతులు బాగున్నారు, కాపర్లు బాగున్నారు. మంచి చేయాలనుకున్నా ముందు అక్కడ తిరిగేవాళ్ళని అడగాలిరా, అంతే. సుంకులమ్మ ముసలిదయ్యేదాకా ఏటేటా వానలు పడగానే ఆ పిట్ట భాగంలో కర్ర నాటి, గొర్లని చుట్టూ తిప్పుకొచ్చేది. ఆ తర్వాత ఆమె కోడలు నాటింది. కర్ర పక్కన ఉత్త నేలే.

కథ కంచికి పోయింది, మనం ఇంట్లో పడుకున్నాం. ఆ పిట్టే ఇంకా ఇంటికి రాలేదు.