కదిరప్ప మొదటి ముద్ద

వెనకటికి ఒక రాజుగారి దగ్గర కదిరప్ప అని ఒకడుండేవాడు. రాజుగారి కంచంలోంచి ముందు తాను ఒక ముద్ద తిని, విషం లేదని తేలాక కంచం అందించడం అతని కొలువు. చూడండి, లోకంలో ఎలాంటి కొలువులుంటాయో!

కొత్త దివానుకు ఆ కొలువు తన బావమరిదికి ఇప్పించాలని బుద్ధి పుట్టింది. ఒకనాడు తాటాకుల కట్ట చంకన పెట్టుకుని, రాజుగారు భోజనానికి కూర్చున్న వేళకే వచ్చాడు.

"ఏమిరా కదిరప్పా, మా బావమరిది వంశంలో ఏడు తరాలవాళ్లు ఉత్తరదేశపు రాజుల దగ్గర ఇదే పని చేశారు. ఏడుగురూ నూరేళ్లు బతికారు. అంతా ఇందులో రాసి ఉంది. మరి నీ వంశ చరిత్ర ఏదిరా?"

ఈ కొలువు పోతే కదిరప్ప ఇంట్లో పొయ్యిలోంచి పిల్లి లేవదు.

"మా ఇంట రాసిందేమీ లేదు బాబూ. తాత ఇక్కడే, ఇదే కొలువులో పాయసం తిని పోయాడు. నాన్న వంకాయకూర తిని పోయాడు. చెప్పడానికి ముసలివాళ్లెవరూ మిగల్లేదు."

దివాను పకపకా నవ్వాడు. "విన్నారా ప్రభూ, వీడి వంశం!"

కదిరప్ప తల గోక్కున్నాడు. "ఆ ఉత్తరదేశపు రాజులు ఎన్నేళ్లు బతికారో కూడా రాశారా బాబూ?"

"చదవండి" అన్నారు రాజుగారు.

దివాను ఆకులు తిప్పాడు. "ఒకరు... విందులో పోయారు. ఇంకొకరు... అదీ విందులోనే." ఆపైన కట్ట మూసేశాడు.

రాజుగారికి ఎనభై ఏళ్లు బతికిన తన తాత గుర్తొచ్చాడు.

"దివానుగారూ, మీ బావమరిదిని మీ కంచం దగ్గరే కూర్చోబెట్టుకోండి. కదిరప్పా, పులుసు చల్లారిపోతోంది, కానీయ్."

ఆ పూట కదిరప్ప ముద్ద కాస్త పెద్దదే కలుపుకున్నాడు.