కదలని ముడి

మద్దిలేటి మొలతాడు ముడి కదలడం మానేసి చాలా కాలమైంది.

నల్లమల అంచున ఒక సున్నపురాతి కొండ. ఆ కొండలో కంబగిరి స్వామి ఉండే గుహ. బయటి గుహలో ఎవరైనా కూర్చోవచ్చు. లోపలి గుహకు మాత్రం ఒక్కటే దారి, రెండు బండల మధ్య నిలువు చీలిక. పక్కకు తిరిగి, ఒళ్ళు రాసుకుంటూ పోవాలి. ఉపదేశం ఇచ్చేది ఆ లోపలే. కంబగిరి స్వామికి ఆయన గురువు ఇచ్చిందీ అక్కడే.

మద్దిలేటి ఉపదేశం కోసం ఈ కొండకు వచ్చిన కొత్తలో ఆ చీలికలో అతని చెయ్యీ భుజమూ పట్టాయి, అంతే. బెల్లం పాకం పట్టి బొరుగుల ఉండలు చేసి ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. అమ్మినవి ఎన్నో, తిన్నవీ అన్నేనని ఒళ్ళు చూస్తేనే తెలిసేది. అయినా పట్టుదల గలవాడు. కొండ దిగి నీళ్ళు మోశాడు, కట్టెలు కొట్టాడు, బెల్లం ముఖం చూడలేదు. ఒళ్ళు తగ్గింది. తగ్గినప్పుడల్లా మొలతాడు బిగించి కొత్త ముడి వేసుకునేవాడు. మిగిలిన కొస పొడుగ్గా వేలాడుతుంటే తడిమి చూసుకుని మురిసిపోయేవాడు.

ఆ తర్వాత ముడి ఆగిపోయింది.

చీలిక మధ్యలో ఒక రాయి బొడిపెలా ముందుకొచ్చి ఉంటుంది. రోజూ తెల్లవారగానే మద్దిలేటి పొట్ట లోపలికి లాక్కుని, గుండెల నిండా ఊపిరి పట్టి, పక్కకు తిరిగి దూరేవాడు. రోజూ ఆ రాతి దగ్గరే ఇరుక్కుని వెనక్కి వచ్చేవాడు. రొమ్ము మీద తోలు లేచిపోయింది.

స్వామికి వయసు మీద పడింది. "ఈ చలికాలం దాటితే నేనింక లోపలికి పోలేనురా, మోకాళ్ళు వినడం లేదు" అన్నాడొక రోజు మామూలుగా. అంటే మద్దిలేటికి మిగిలింది ఈ చలికాలమొక్కటే.

ఒక పూట తిండి మానేశాడు. ముడి కదల్లేదు. రెండో పూట సంగటి ముద్ద సగం చేశాడు. కదల్లేదు. చివరికి మజ్జిగ నీళ్ళకు దిగాడు. ఒళ్ళు చల్లబడింది, నిద్ర పారిపోయింది, చీమ కనబడినా చిరాకే. పని చేస్తూ కూనిరాగం తీసే అలవాటూ పోయింది. ముడి మాత్రం పగబట్టినట్టు అక్కడే కూర్చుంది.

ఒక పొద్దున నీళ్ళు మోసుకొస్తూ గుహ ముందే కూలబడ్డాడు. కుండ పగిలింది.

కంబగిరి స్వామి వచ్చి పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు, ఓదార్చలేదు. పొయ్యి వైపు చూపించాడు.

"నిప్పు మీద బూడిద ఎందుకు కప్పినావు?"

"కట్టెలు అయిపోయినాయి సామీ. ఉన్న నిప్పు దాచిపెట్టుకోవాల కదా."

"అట్ల కప్పితే ఎంతసేపుంటాది?"

"రేపటిదాకా తరగదు సామీ."

స్వామి లేచి నాలుగు ఎండుపుల్లలు ఏరుకొచ్చాడు. బూడిద పక్కకు తోసి, పుల్లలు పెట్టి ఊదాడు. మంట లేచింది. తన చేత్తోనే కొర్రన్నం వండి, ఉలవచారు పోసి మద్దిలేటి ముందు పెట్టాడు.

"తిను. నీ ఒళ్ళూ ఆ నిప్పు మాదిరే ఉన్నది దాచిపెట్టుకుంటాంది."

"తింటే మళ్ళా లావైతా సామీ! చలికాలం పోతాది, మీరు లోపలికి పోలేరు. నా బతుకు ఈ గుహ బయటనే తెల్లారిపోతాది." మద్దిలేటి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"తిను నాయనా. చల్లారిపోతాంది."

తిన్నాడు. ఆ రోజూ తిన్నాడు, ఆ తర్వాతా రెండు పూటలా తిన్నాడు. నిద్ర పట్టింది. నీళ్ళ మోత మళ్ళీ తేలికైంది. కూనిరాగం తిరిగొచ్చింది. మొలతాడు వైపు చెయ్యి పోకుండా ఆపుకోవడమే కష్టమయ్యేది. పోయేది కూడా. ముడి ఇటూ కదల్లేదు, అటూ కదల్లేదు.

చలికాలం చివర ఒక ఉదయం స్వామి లేచి చీలిక వైపు నడిచాడు. లోపలికి పోయేటప్పుడల్లా ఆయనకొక అలవాటు ఉంది. తత్త్వం ఎత్తుకుని, ఒక మాటను పొడుగ్గా సాగదీస్తూ, ఆ సాగదీతలోనే రాళ్ళ మధ్య మాయమవుతాడు. అదంతా భక్తి అనుకునేవాడు మద్దిలేటి. ఆ రోజూ స్వామి అట్లాగే పోయి, లోపలి నుంచి పిలిచాడు.

"రారా."

మద్దిలేటి పక్కకు తిరిగాడు. ఊపిరి నిండా పట్టి దూరాడు. అదే రాయి రొమ్ముకు అడ్డం పడింది. ఇంతేనా, ఇంక ఇంతేనా అనుకుంటుండగా చీకట్లోంచి గురువు చెయ్యి వచ్చి అతని వేళ్ళు పట్టుకుంది. పట్టుకుందే గాని లాగలేదు.

"ఉండలు అమ్మేటప్పుడు ఎట్ల కేకేస్తాంటివిరా?"

"ఇక్కడనా సామీ?"

"ఇక్కడనే. నాలుగు వీధులకు వినపడాల."

సిగ్గుతో చచ్చిపోయాడు మద్దిలేటి. కానీ గురువు అడిగాక తప్పుతుందా? కళ్ళు మూసుకుని కేక ఎత్తుకున్నాడు.

"బొరుగుల... ఉండలో... ఓ... ఓ..."

ఎన్నాళ్ళకో గొంతు విప్పాడేమో, కేక సాగిపోయింది. ఉన్న గాలంతా దానికే ఇచ్చేశాడు. గాలి పోయేకొద్దీ రొమ్ము లోపలికి దిగింది. గురువు చెయ్యి మెల్లగా కదిలితే దానితోపాటు కదిలాడు. ఊపిరి మొత్తం అయిపోయి నోరు మూతపడే సరికి, రొమ్ముకు రాయి తగలడం లేదు. వీపుకూ తగలడం లేదు.

కేక మాత్రం ఆగలేదు. ఎక్కడికో లోతుకు పోయింది, పైకి పోయింది, తిరిగొచ్చింది. స్వామి దీపం వెలిగించాడు. పైనుంచి తెల్లటి రాళ్ళు ఊడల్లా దిగి ఉన్నాయి. కింది నుంచి మరికొన్ని వాటిని అందుకోవడానికి లేచి ఉన్నాయి. వెలుగు అందినంత మేరా అదే తెలుపు, ఆ పైన అంతులేని చీకటి. ఆ రాళ్ళన్నిటి మధ్యా అతని కేక తిరుగుతూనే ఉంది. అందులో బొరుగులు లేవు, ఉండలు లేవు. ఒక్క నాదం మిగిలింది. సంత వీధుల్లో అరిచి అరిచి బొంగురుపోయిన ఈ గొంతులోనే ఇది ఉందా?  మద్దిలేటి తెలియకుండానే మోకాళ్ళ మీద కూలాడు. కన్నీళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

అలవాటు కొద్దీ చెయ్యి నడుం దగ్గరికి పోయింది.

"సామీ... ముడి కదల్లేదు."

"దాన్నెవరు కదలమన్నారు?"

నాదం సన్నబడి, సన్నబడి రాతిలో కలిసిపోయింది. అప్పుడు మద్దిలేటి చేతులు జోడించాడు.

"ఉపదేశం చెప్పండి సామీ."

కంబగిరి స్వామి నవ్వాడు.

"ఎన్నిసార్లు నీ కళ్ళ ముందరే పాడుకుంటా లోపలికి వచ్చినానురా. ఈరోజు విన్నావు."