ఉప్పుబండ మీద పిడికెడు బియ్యం

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి ముందు సముద్రం, వెనక ఉప్పుటేరు, మధ్యలో మడులు. వరి మడులనుకునేరు! ఉప్పు మడులు. ఆ ఊరి పేరు లవణపురం.

ఎండాకాలమంతా లవణపురం తెల్లగా మెరిసిపోయేది. మగవాళ్ళు మడుల్లో ఉప్పు గీకేవారు, ఆడవాళ్ళు గంపలకెత్తి కుప్పలు పోసేవారు. చేతినిండా పని, కడుపునిండా తిండి. కానీ ఆషాఢంలో వాన మొదలైందంటే మడులన్నీ నీళ్ళపాలు. మళ్ళీ కార్తీకం దాకా పని లేదు. పని లేకపోతే కూలి లేదు, కూలి లేకపోతే పొయ్యి మీద కుండ లేదు. పెద్దవాళ్ళు నడుముకు గుడ్డ బిగించి ఓర్చుకునేవారు. పసిపిల్లలు ఎలా ఓర్చుకుంటారు, మీరే చెప్పండి!

ఆ ఊళ్ళో నూకాలు అనే ముసలమ్మ ఉండేది. నెత్తిన గంప పెట్టుకుని "ఉప్పమ్మా ఉప్పూ!" అని వీధి వీధీ తిరిగి, ఉప్పు పోసి బియ్యం పుచ్చుకునేది. ఉప్పును చేతి నుంచి చేతికి ఇస్తే ఇద్దరికీ తగాదా వస్తుందని అక్కడి వాళ్ళకు గట్టి నమ్మకం. అందుకని ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఒక బల్లపరుపు రాయి ఉండేది. దాన్ని ఉప్పుబండ అనేవారు. నూకాలు సోలెడు ఉప్పు ఆ బండ మీద పోసి పక్కకు తప్పుకునేది. ఇల్లాలు వచ్చి ఉప్పు తీసుకుని, అక్కడే బియ్యం పోసి లోపలికి పోయేది. అప్పుడు నూకాలు వచ్చి బియ్యం ఎత్తుకునేది. నలభై ఏళ్ళలో ఆమె ఎవరితోనూ తగాదా పడలేదు. మరి ఆ నమ్మకం ఉత్తదని ఎలా అంటాం?

నూకాలుకు పైడి అని ఆరేళ్ళ మనవరాలు. ఆ ఏడు వానలకు పైడి చిక్కి శల్యమైంది. గుమ్మం దాటితే చాలు, కూలబడిపోయేది. వైద్యుడు వచ్చి నాడి చూసి తల ఊపాడు.

"దీనికి మందుతో పని లేదు నూకాలూ. రోజూ వేడి అన్నం పడితే నిలుస్తుంది. పడకపోతే కార్తీకం చూడదు. ఇలాంటి పిల్లలు మీ ఉప్పుపేట కూలి ఇళ్ళలో నూరుమంది ఉన్నారు" అన్నాడు.

నూకాలు ఇంట్లో చూస్తే గింజ లేదు. వానలకు ముందే ఊరివాళ్ళంతా జాడీల్లో ఉప్పు నింపుకున్నారు కనుక ఆమె ఉప్పు కొనేవాళ్ళూ లేరు.

సరిగ్గా ఆ రోజుల్లోనే విజయకేతు మహారాజు రథమెక్కి ఆ పేట మీదుగా వెళ్ళాడు. ఏటా రథం వెనక కేరింతలు కొడుతూ పరిగెత్తే పిల్లలు ఈసారి అరుగుల మీంచి కదల్లేదు. రాజు రథం ఆపించి సంగతి అడిగి తెలుసుకున్నాడు. తెలిసినకొద్దీ ఆయన ముఖం చిన్నబోయింది.

"పిల్లలు ఆకలితో ఉన్న రాజ్యానికి నేను రాజునని చెప్పుకోవడం సిగ్గుచేటు. కార్తీకం దాకా ఈ పిల్లల ఆకలి ఎవరు తీరుస్తారో ముందుకు రండి. ఏం కోరితే అది ఇస్తాను" అని సభలో ప్రకటించాడు.

ముందుగా గోవర్ధనామాత్యుడు లేచాడు. "ప్రభూ, ఈ పని నాకు చిటికెలో పని" అన్నాడు. ఉప్పుటేటి వంతెనకు ఆవల ఉన్న కోట గుమ్మం ముందు బియ్యం రాశి పోయించాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ దొంగలెవరూ ఎత్తుకుపోకూడదని ఒక నియమం పెట్టాడు. బియ్యం కావలసిన పిల్ల రాశి ముందు నిలబడి తండ్రి పేరు చెప్పాలి. భటుడు డప్పు మీద ఒక దెబ్బ వేసి ఆ పేరును పదిమందికీ వినబడేలా చాటాలి.

పైడి గిన్నె పట్టుకుని వెళ్ళింది. ఖాళీ గిన్నెతోనే తిరిగొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

"ఏటైందే?" అంది నూకాలు.

"డప్పు కొట్టి అయ్య పేరు సెప్పినారు మామ్మా. బిడ్డకి బువ్వ పెట్టనేనోడని అందరూ నవ్వినారు. నాకు ఆకలి నేదులే."

ఆరేళ్ళ పిల్ల ఆకలి లేదని అబద్ధమాడింది. మూడో రోజుకల్లా కోట గుమ్మం దగ్గరికి ఒక్క పిల్లా పోలేదు. రాశికి పురుగు పట్టింది. అమాత్యులవారు మాత్రం, "ఆకలే లేదు ప్రభూ, ఉంటే రారా?" అన్నారు.

రెండోవాడు మాణిక్యశెట్టి. ఆయన పేరు మోసిన వర్తకుడు, అంతకు మించి పేరంటే ప్రాణం. పేట మధ్య పందిరి వేయించి, తన పేరు రాసిన జెండాలు కట్టించి, పిల్లలందరికీ విందు పెట్టాడు. పులిహోర, బూరెలు, నెయ్యి ఓడే బొబ్బట్లు! పిల్లలు ఆవురావురుమంటూ తిన్నారు. ఎండిపోయిన పేగులకు ఒక్కసారిగా అంత నెయ్యి పడితే తట్టుకుంటాయా? సాయంత్రానికి సగం మంది వాంతులు చేసుకుని సోలిపోయారు. పైడి రెండు రోజులు కళ్ళు తెరవలేదు.

మూడో రోజున నూకాలు శెట్టి ఇంటికి వెళ్ళి అడిగింది. "బాబూ, మళ్ళా బువ్వెప్పుడు పెడతారు?"

"వచ్చే ఏడు నా పుట్టినరోజుకు పెడతాను. ఈసారి జెండాలు ఇంకా పెద్దవి కట్టిస్తాను" అన్నాడు శెట్టి చాలా సంతోషంగా.

నూకాలు ఖాళీ గంపతో ఇంటికి బయల్దేరింది. దారి పొడుగునా ఇళ్ళు, ఇంటింటికీ ఉప్పుబండ, బండ మీద వాన నీళ్ళు. చూస్తూ చూస్తూ ఆమె టక్కున ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా తాను ఈ బండల మీద బియ్యం ఎత్తుకుంటోంది. ఒక్కరోజైనా చెయ్యి చాచిందా? ఇచ్చినవాళ్ళు ఒక్కరోజైనా గొప్పగా చూశారా? లేదే! ఆమె ఇంటికి పోకుండా అటునుంచి అటే వంతెన దాటి రాజసభకు వెళ్ళింది.

"మారాజా, పిల్లలకి నాను బువ్వ పెడతాను" అంది.

సభంతా గొల్లున నవ్వింది. రాజు నవ్వలేదు. "అవ్వా, నీకు ఎన్ని బస్తాలు కావాలి?" అని అడిగాడు.

"బస్తాలొద్దు బాబూ, ఊళ్ళో ఉప్పుబండలు సాలు. డప్పులూ జెండాలూ రాకుండా సూడండి, అంతే."

మర్నాడు పొద్దున్నే నూకాలు ఇంటింటికీ తిరిగింది. "అమ్మా, ఎసట్లో బియ్యం పొయ్యకముందు ఒక్క పిడికెడు తీసి బండ మీద పెట్టండి. వాన పడకుండా కొబ్బరిచిప్ప బోర్లించండి. నాను వచ్చి ఎత్తుకుంటాను. ఎవరు పెట్టారో నాను సూడను, మీరు సెప్పొద్దు" అంది.

అందరూ తల ఊపారు. తల ఊపడానికేం! తీరా చూస్తే పన్నెండు బండల మీదే చిప్పలున్నాయి. పెద్ద వీధిలో ఒక్కటీ లేదు. అక్కడ సుభద్రమ్మ అనే సంపన్నురాలిని అడిగితే ఆమె మొహమాటపడింది.

"పిడికెడు పెడితే నలుగురూ నవ్వరా నూకాలూ? పెడితే బస్తా పెట్టాలి, లేకపోతే ఊరుకోవాలి" అంది.

"మరి బస్తా ఎప్పుడు పెడతారమ్మా?"

సుభద్రమ్మ ఆ బస్తా సంగతి పదేళ్ళుగా అనుకుంటూనే ఉంది పాపం. నూకాలు ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డ చిన్నపిల్లను చూసి నవ్వింది.

"మీరు పెట్టకండమ్మా. మీ పాప సేత పెట్టించండి. దాని పిడికిట్లో ఎన్ని పడితే అన్నే. పసిదాని పిడికిలి సిన్నదని ఎవరైనా నవ్వుతారేటి?"

ఈ మాట వీధి వీధీ పాకింది. ఇంకేముంది! పొద్దున లేస్తూనే పిల్లలు బియ్యం జాడీల చుట్టూ చేరారు. మూడో రోజుకు నూకాలు గంప సరిపోలేదు. ఒక బండ మీద కందిపప్పు, ఒకచోట పెసరపప్పు, ఇంకోచోట నాలుగు వంకాయలు. గింజకు గతిలేని ఉప్పుపేట వాళ్ళు కూడా తమ బండల మీద మునగాకు కోసి పెట్టారు. ఇవ్వడానికి ఏదో ఒకటి దొరికినందుకు వాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి.

నూకాలు ఇంటికి ఎదురుగా, ఉప్పు నిల్వచేసే కొట్టంలో పొయ్యి వెలిగింది. మొదటి రోజు అన్నం మాత్రం నవ్వులపాలైంది. ఇంటికో రకం బియ్యం కదా! పాత బియ్యం పలుకు మీద ఉంటే, కొత్త బియ్యం జావైపోయింది. నూకాలు నెత్తి కొట్టుకుని, మర్నాటి నుంచి అన్ని బియ్యాలనూ కలిపి రోట్లో వేసి రవ్వగా దంపింది. అందులో పప్పు, మునగాకు వేసి మెత్తగా పులగం వండింది. వైద్యుడు రుచి చూసి, "ఎండిన పేగులకు ఇంతకంటే మంచి మందు నా పెట్టెలో లేదు" అన్నాడు.

తినేటప్పుడు ఒకటే పంక్తి. ఉప్పుపేట పిల్లలు, పెద్ద వీధి పిల్లలు, ఎవరొస్తే వాళ్ళు. తండ్రి పేరు అడిగేవాళ్ళు లేరు. మాణిక్యశెట్టి కొడుకైతే రోజూ వచ్చి మూడుసార్లు వడ్డించుకునేవాడు.

పైడి మొదటి వారం నాలుగు ముద్దలు తింది. రెండో వారం ఆకు ఊడ్చేసింది. మూడో వారం పంక్తిలోంచి, "మామ్మా, నాకింకా!" అని కొట్టం అదిరేలా అరిచింది. నూకాలు గరిటె పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అంత మంచి అరుపు ఆమె జన్మలో వినలేదు.

ఆశ్వయుజంలో గాలివాన ముంచుకొచ్చింది. ఉప్పుటేరు పొంగి వంతెన కొట్టుకుపోయింది. కోటకూ ఊరికీ రాకపోకలు ఆగిపోయాయి. అమాత్యుడి గాదెల్లోని వడ్లు ఆవలి ఒడ్డున తడిసి మొలకెత్తాయి. శెట్టి బండ్లు ఆవలి బురదలో దిగబడ్డాయి. చాలదన్నట్టు నూకాలు వీధిలో కాలుజారి పడింది. చీలమండ ఇంత లావున వాచింది.

ఆమె మంచం మీద పడి కుమిలిపోయింది. "గంప ఎత్తేదాన్ని నానే మంచానపడితే ఇయాల పిల్లల గతేటి? నా పైడి ఒంట్లోకి ఇప్పుడిప్పుడే రగతం వత్తంది. మళ్ళా పస్తు పడితే ఎలా దేవుడా!" అని పొద్దు ఎక్కేదాకా ఏడ్చింది.

అంతలో ధన్ ధన్ అని చప్పుడు వినిపించింది. ఉరుమేమో అనుకుంది. కాదు, రోకలి పోటు! కొట్టంలో ఎవరో బియ్యం దంపుతున్నారు. నూకాలు గోడ పట్టుకుని, ఒంటికాలి మీద గెంతుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

జరిగిందేమిటంటే, పొద్దున్నే వీధి చివరి ఇల్లాలు తన బండ మీది పిడికెడు, వీధిలో పడి ఉన్న నూకాలు గంపలో వేసి, ఆ గంపను పక్కింటి బండ మీద పెట్టి వెళ్ళింది. పక్కింటావిడ తన పిడికెడు కలిపి ఆ పక్క బండ మీద పెట్టింది. అలా మోకాటి లోతు నీళ్ళలో, బండ నుంచి బండకు, మోసే మనిషంటూ లేకుండా గంప ఊరంతా తిరిగి నిండుకుండలా కొట్టానికి చేరింది. అక్కడ రోకలి పోటు వేస్తున్నది ఎవరనుకున్నారు? పెద్ద వీధి సుభద్రమ్మ! చీర చెంగు నడుముకు దోపి, చెమటలు కక్కుతూ దంపుతోంది.

"ఓలమ్మో, నాను నేకపోయినా గంప కదిలింది!" అని నూకాలు చప్పట్లు కొట్టింది. వాచిన కాలి మాటే మరిచిపోయింది.

తొమ్మిది రోజులు వాన కురిసింది. తొమ్మిది రోజులూ పొయ్యి వెలిగింది.

పదో రోజున నీరు తీసింది. రాజు పడవెక్కి పరుగున వచ్చాడు. ఏడుపులు వినాల్సి వస్తుందని గుండె దిటవు చేసుకుని వచ్చాడు. తీరా ఒడ్డు దిగితే నూటికి పైగా పిల్లలు బురదలో పొర్లి గోల చేస్తూ ఆయన మీద పడ్డారు. వాళ్ళలో అందరికంటే ముందు పైడి. పట్టు పంచె నిండా బురద చేతుల ముద్రలే. రాజు కళ్ళ నీళ్ళు పెట్టుకుని పకపకా నవ్వాడు.

"నా కొలువు చేయలేనిది నీవు చేశావు అవ్వా! ఈ పిల్లలకు ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది ఎవరు?" అని అడిగాడు.

"నాకేటి తెలుసు మారాజా? నాను ఎవరి సెయ్యీ సూడనేదు."

"సరే, నీకేం కావాలో కోరుకో. బంగారమా, మడులా, మేడా?"

నూకాలు ఏటి ఆవలికి, కోటకేసి చెయ్యి చూపించింది. "కోట గుమ్మం పక్కన బండ నేదు బాబూ. ఒకటి ఏయించండి" అంది.

వంతెన మళ్ళీ కట్టారు. కోట గుమ్మం పక్కన బండ వేశారు. కార్తీకం మొదటి రోజు నూకాలు గంపెత్తుకుని అక్కడికి వెళ్ళింది. బండ మీద మూడు కొబ్బరిచిప్పలు బోర్లించి ఉన్నాయి. మూడింటి కిందా మూడు పిడికిళ్ళ బియ్యం. ఒకటి రాజుదంటారు, ఒకటి అమాత్యుడిదంటారు, ఇంకొకటి మాణిక్యశెట్టి అంత దూరం నడిచొచ్చి జెండా లేకుండా పెట్టిందంటారు. ఏది ఎవరిదో నూకాలు అడగలేదు. మూడింటినీ ఒకే గంపలో పోసుకుని, "బువ్వకి యేళైంది" అంటూ చకచకా వంతెన ఎక్కింది. మడుల్లో పని మొదలైనా ఆ పొయ్యి ఆరలేదు. ఆ తర్వాత ఏ వానాకాలమూ లవణపురంలో ఏ పిల్లా పస్తుండలేదు.

కాబట్టి పిల్లలూ, ఒక్కరు ఒక్కనాడు గొప్పకు పెట్టే విందు కంటే, ఊరంతా కలిసి పేరు చెప్పకుండా రోజూ పెట్టే పిడికెడే పసివాళ్ళ ఆకలి తీరుస్తుంది.