మూడు గీతల కింద

నాకు ఎలక్ట్రికల్ డిప్లొమా ఉంది. మా ఉస్తాద్ మౌలాలి సాయిబుకి సంతకం పెట్టడం తప్ప చదువు రాదు. మార్కాపురంలో ఆయన దగ్గర పనికి కుదిరిన మొదటి ఏడాది నాకు పట్టిన పొగరు జబ్బుకి ఇదే మూలం.

ఊళ్లో అందరూ ఆయన్ని గుంటల సాయిబు అనేవాళ్లు. ఎవరింట్లో వైరింగ్ ఒప్పుకున్నా ముందు పెరట్లో ఎర్త్ తీగ భూమిలోకి దింపే గుంట తవ్వించాల్సిందే. ఆ తర్వాతే గోడ మీద ఉలి పెట్టేది. మా ఊరి నేల సంగతి తెలుసుగా, మూడడుగులు దిగితే పలకరాయి. గడ్డపార ఖంగుమన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

"ఉస్తాద్, ఫేజ్ తీగ కరెంటు తెస్తుంది, న్యూట్రల్ తీగ తీసుకుపోతుంది. ఈ మూడో ఎర్త్ తీగ ఏ పనీ చెయ్యదు. దీనికింత చాకిరీ ఎందుకు?" అని ఒకరోజు అడిగేశాను.

ఆయన బీడీ ఆర్పి, "తవ్వు కేశవా" అన్నాడు. అంతే.

ఆ ఎండాకాలం ఆయన కూతురింటికి కంభం వెళ్లినప్పుడు గురవమ్మక్క కబురు పెట్టింది. బస్టాండు వెనక ఇడ్లీ కొట్టు ఆమెది. పిండి రుబ్బే గ్రైండరు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందట. వెళ్లి చూస్తే పాత ఇల్లు, ఎర్త్ అన్న మాటే లేదు. సాకెట్‌లో మూడో రంధ్రం ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

గుంట తవ్వాలంటే రెండు రోజులు. నాకేమో బుర్రలో లైటు వెలిగింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని కూడా భూమిలోకే దింపుతారని పుస్తకంలో ఉందిగా! రెండూ ఒకటేగా! సాకెట్ విప్పి, న్యూట్రల్ నుంచి ఆ మూడో రంధ్రానికి బెత్తెడు తీగముక్క బిగించేశాను. ఐదు నిమిషాల పని.

గురవమ్మక్క భయంభయంగా గ్రైండరుకి వేలు ఆనించింది. తర్వాత అరచెయ్యి మొత్తం పెట్టింది. జివ్వు లేదు, గివ్వు లేదు.

"నీ కడుపు చల్లగుండ! ఆ ముసలాయనైతే నా ఇల్లంతా తవ్విపోసేవాడు" అంటూ నాలుగు ఇడ్లీలు, కారప్పొడి, నెయ్యి పెట్టింది. ఇక నేను నేల మీద నడిస్తే ఒట్టు.

ఉస్తాద్ ఊరినుంచి రాగానే గొప్పగా చెప్పాను. ఆయన చెప్పులేసుకుని బయల్దేరాడు.

మేం వెళ్లేసరికి గురవమ్మక్క గ్రైండరు ముందు కూర్చుని ఉంది. కాళ్ల కింద తడి, మోచేతుల దాకా పిండి. "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నాడాయన. తర్వాత మెయిన్ ఆపి, బోర్డులో న్యూట్రల్ తీగ విప్పి పక్కకి వంచి, మళ్లీ మెయిన్ వేశాడు.

"ఇప్పుడు ఆ గ్రైండరు స్విచ్ వెయ్యి."

వేశాను. తిరగలేదు.

"తిరగదు ఉస్తాద్, న్యూట్రల్ తీసేశారుగా" అన్నాను నవ్వుతూ.

"తిరగదు. ఏం కాదనేగా నీ లెక్క? చెయ్యి పెట్టు దానిమీద."

చెయ్యి చాపాను. ఇంకో జానెడు దూరం ఉండగా ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. రెండో చేత్తో టెస్టర్ తీసి గ్రైండరు ఒంటికి ఆనించాడు. టెస్టర్ ఎర్రగా వెలిగింది.

వెనక్కి పోయే దారి లేక, మోటారులోకి వెళ్లిన కరెంటంతా నా బెత్తెడు తీగలోంచి గ్రైండరు ఒంటిమీదికి ఎక్కి కూర్చుంది. ఇందాక గురవమ్మక్క రెండు చేతులూ పెట్టింది అక్కడే.

"పోయిన నెల గాలివానకి ఈ వీధిలో పోలు మీద తీగలెన్ని తెగాయిరా?" అన్నాడు ఉస్తాద్.

తెగినవాటిలో న్యూట్రల్ ఒక్కటున్నా చాలు, ఇక్కడ ఇదే జరిగేది. ఆయన మెయిన్ ఆపి, నా తీగముక్క ఊడదీసి, నా చొక్కా జేబులో పెట్టాడు. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

రెండు రోజులు తవ్వాను. గడ్డపార ఖంగుమన్నా ఒళ్లు మండలేదు. గ్రైండరు ముట్టుకోవద్దన్నందుకు గురవమ్మక్క గోల గోల చేస్తే, "మావాడు రోట్లో రుబ్బిపెడతాడులేమ్మా" అన్నాడు ఆ మహానుభావుడు. అదీ చేశాను. చేతులు రెండూ బొబ్బలెక్కాయి.

రెండో రోజు మధ్యాహ్నానికి గుంటలో పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి మన్ను కప్పాం. ఉస్తాద్ ఒక బల్బు హోల్డరు తెచ్చాడు. దానికి రెండు తీగలు. ఒకటి ఫేజ్‌కి తగిలించాడు. రెండోది ఆ పైపుకి చుట్టాడు. న్యూట్రల్ జోలికే పోలేదు.

బల్బు వెలిగింది. కానీ ఆరిపోబోయే బొగ్గులాగా, ఎర్రగా, నీరసంగా.

"బిందెడు నీళ్లు తే."

తెచ్చాను. "పొయ్యి. మెల్లగా" అన్నాడు.

పోస్తున్నాను. నేల గుటగుటా తాగుతోంది. ఎరుపు పసుపైంది. పసుపు తెలుపైంది. నేను ఇంట్లోకి పోలేదు, స్విచ్ ముట్టుకోలేదు. నీళ్లు పోస్తున్నానంతే! బిందె ఖాళీ అయ్యేసరికి మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆ బల్బు వైపు చూడలేకపోయాను.

"ఉస్తాద్, ఇది ఎటు నుంచి తిరిగి వెళ్తోంది?" అన్నాను.

ఆయన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. దాని కింద కూడా ఇలాంటి గుంటే ఉంది. ఆ గుంటకీ ఈ గుంటకీ మధ్య తీగ లేదు. మురుగుకాలవ ఉంది, బస్సులు పోయే రోడ్డుంది, పలకల గోడౌను ఉంది, వాటన్నిటి కింద మౌనంగా మన్ను ఉంది. అదే మోసుకుపోతోంది.

పరీక్షల్లో ఎర్త్ గుర్తు వందసార్లు వేసుంటాను. ఒకదాని కింద ఒకటి చిన్నదవుతూ మూడు గీతలు. మార్కులు కూడా వచ్చాయి. ఆ గీతల కింద భూమి ఉందని మాత్రం అప్పటిదాకా నాకు తెలీదు. మోకాళ్ల మీద కూర్చుని ఆ తడిమన్ను మీద అరచెయ్యి పెట్టాను. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

నెల తర్వాత ఒక పొద్దున గురవమ్మక్క మా షాపు ముందుకొచ్చి నన్ను చెడామడా తిట్టింది.

"నడుస్తా నడుస్తా టప్పుమని ఆగిపోయింది! ఫ్యూజు పోయిందంట! ఇల్లు తవ్వి మరీ చేసిన పని ఇదేనంట్రా? నాలుగు కుంచాల పప్పు నానబోసి కూర్చున్నా!"

పరుగెత్తుకెళ్లి గ్రైండరు విప్పాను. లోపల మోటారు చుట్ట కాలిపోయి, తీగ తెగి, నేరుగా రేకుకి అతుక్కుని ఉంది. రేకు మీదికెక్కిన కరెంటంతా, పైపు నుంచి సాకెట్ మూడో రంధ్రానికి మేం లాగిన తీగ వెంట గుంటలోకి దూకి ఫ్యూజు ఎగరగొట్టింది. రేకు మీద బయటివైపు, ఎండిన పిండిలో ఐదు వేళ్ల అచ్చు.

తలెత్తి చూస్తే ఉస్తాద్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బయట గురవమ్మక్క ఇంకా అరుస్తూనే ఉంది.

"ఆమెకి చెప్పనా ఉస్తాద్?" అన్నాను.

"వద్దు. ఆ గొంతు వినబడుతోందిగా, చాలు."

నేను లేచి బిందె తీసుకుని బావి దగ్గరికి వెళ్లాను. ఎండలకి గుంట ఎండిపోయి ఉంటుంది.